ఇంటికి దీపం ఐస్ హాకీ

సంసారం సజావుగా సాగాలంటే మగవాడికి సొంతానికి ఒక ఐస్ హాకీ టీము ఉండాలి. అది వరసపెట్టి ఓడిపోయే టీము అయితే మరీ శ్రేష్ఠం!

నవ్వకండి. మదనపల్లెలో మా పక్కింటి నాగవేణి కాపురాన్ని అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా, అంటే ఒక సీజన్ మొత్తం, పిట్టగోడ ఇవతలి నుంచి గమనించి చెబుతున్న మాట ఇది.

నాగవేణి భర్త లోకనాథ్‌కు బస్టాండు దగ్గర విత్తనాల అంగడి ఉంది. రెండేళ్ల కిందట చలికాలంలో, రోడ్డు పక్కన కుప్పపోసి అమ్మే పాత స్వెటర్లలో ఆయనకు ఒక చొక్కా దొరికింది. రొమ్ము మీద ఎర్రగా, గుండ్రంగా ఒక బొమ్మ. దాని నెత్తిన పచ్చటి తొడిమ. టమోటా! ఎక్కడో సముద్రాలవతల మన టమోటాను గుండెల మీద పెట్టుకొని ఆడే వీరులున్నారని ఆయన పొంగిపోయాడు. చొక్కా మీది పేరు ఫోనులో కొట్టి చూశాడు. నార్త్‌లేక్ కామెట్స్. బూట్ల కింద కత్తులు బిగించుకొని, మంచు మీద జారుతూ, కర్రలతో నల్లటి బిళ్లను తరిమే ఆటగాళ్లు.

అది టమోటా కాదు, తోకచుక్క అని తెలిసేసరికి ఆలస్యమైపోయింది. అప్పటికే ఆయన మనసిచ్చేశాడు. తోకచుక్క పొడిస్తే దేశానికి అరిష్టమంటారు పెద్దలు. ఆ అరిష్టం దేశాన్ని వదిలేసి ఆ టీముకే చుట్టుకున్నట్టుంది. ఎనభై రెండు మ్యాచుల్లో యాభై తొమ్మిది ఓడిపోయారు!

దీనివల్ల ఇంటికి జరిగిన మేలు ఇంతా అంతా కాదు.

మా వీధికి కుళాయి నీళ్లు తెల్లవారుజామున వస్తాయి. మోటారు వేయడానికి లోకనాథ్ ఇరవై రెండేళ్లలో ఒక్కనాడూ లేచిన పాపాన పోలేదు. ఇప్పుడు ఐదున్నరకు మ్యాచ్ అంటే ఐదింటికే లేచి, ముఖం కడుక్కొని, టమోటా చొక్కా తొడుక్కొని టీవీ ముందు కూర్చుంటాడు. మోటారు మాత్రం ఇప్పటికీ నాగవేణే వేస్తుంది. అది వేరే సంగతి. లేచాడా లేదా? మనిషిలో మార్పు ఒక్కో మెట్టుగా వస్తుంది!

ఇంకొకటి. భర్త ఏ నిమిషంలో ఖాళీగా ఉంటాడో మీలో ఎంతమందికి తెలుసు? నాగవేణికి తెలుసు. ఈ ఆట మూడు పీరియడ్లు. మధ్యలో రెండు విరామాలు. మొదటి విరామంలో ఆయన కాఫీ అడుగుతాడు. రెండో విరామంలో దోసె అడుగుతాడు. మునుపు ఎప్పుడు ఏమడుగుతాడో తెలియక ఆమె రోజంతా పొయ్యి దగ్గరే ఉండేది. ఎంత వెసులుబాటు!

క్రికెట్టు ఓడిపోతే వీధి వీధంతా వచ్చి సోఫాలో కూర్చొని దుఃఖించేది. లీటరు పాలు ఆ దుఃఖానికే సరిపోయేవి. కామెట్స్ ఓడిపోతే మదనపల్లెలో ఏడ్చేది ఒక్క లోకనాథే. ఒంటరి దుఃఖానికి ఒక గ్లాసు చాలు.

ఇక విజ్ఞానం సంగతి. జనవరిలో ఆ టీములో పంతొమ్మిదో నంబరు ఆటగాడు మంచు మీద పడ్డాడు. టీము వాళ్లు ఒకే ముక్క చెప్పారు: లోయర్ బాడీ ఇంజురీ. నడుం కిందిభాగంలో ఎక్కడో దెబ్బ. ఎక్కడన్నది చెప్పరట, రహస్యమట. లోకనాథ్ ఆరోజు రెండో దోసె ముట్టలేదు. అంగడిలో బెండ విత్తనాలు అడిగిన రైతుకు కాకర విత్తనాలు ఇచ్చాడు. అది మోకాలే అయి ఉంటుందని తేల్చుకొని, వారం తిరిగేసరికి మోకాలి శాస్త్రం మొత్తం చదివేశాడు. ఇరవై నిమిషాలు ఐసు పెట్టాలి, కాలు దిండు మీద ఎత్తి ఉంచాలి, మెట్లెక్కరాదు, ఆరు వారాలు విశ్రాంతి. ఇదంతా ఆయన టీవీకి చెప్పేవాడు.

టీవీ పక్కనుంచి బట్టల బుట్ట ఎత్తుకొని మిద్దె మెట్లెక్కుతూ నాగవేణి వినేది. పైకి పదహారు మెట్లు. కిందికీ పదహారే అయినా, దిగేటప్పుడు ఇరవై అనిపిస్తాయని ఆమె నాతో అంది. దసరా నుంచి ఆమె కుడి మోకాలు వాచి ఉంది. డాక్టరు స్కానింగ్ తీయించుకోమని చీటీ రాసిచ్చి, ఆరు వారాలు కాలికి పని చెప్పవద్దన్నాడు. లోకనాథ్‌కు నాలుగుసార్లు చెప్పింది. మూడుసార్లు "నడస్తా ఉంటే అదే పోతాదిలే" అన్నాడు. నాలుగోసారి "సీజన్ అయిపోనీమే, పోదాం" అన్నాడు.

ఫిబ్రవరిలో ఒకరోజు ఆమె టీవీకి అడ్డంగా నిలబడింది. "ఏమయ్యా, నాకు లోయర్ బాడీ ఇంజురీ."

లోకనాథ్ టీవీ నోరు మూశాడు. ఆ ఇంట్లో అట్లాంటిది జరగడం అదే మొదలు.

"ఏ కాలుమే? ఎన్ని వారాలన్నారు?"

"కుడికాలు. ఆరు వారాలన్నారు."

"అయ్యో! ఇన్నాళ్లూ యాల చెప్పలేదుమే?"

"చెప్పినా. మోకాలని చెప్పినా. తెలుగులో చెప్తి గదా, నీకు తెలిసిండదు."

ఇక ఆయనకు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఫ్రిజ్‌లోని ఐసు మొత్తం తువ్వాలులో కట్టి ఆమె మోకాలి మీద పెట్టాడు. కాలి కింద రెండు దిండ్లు. క్యాలెండర్ మీద 'నాగవేణి, ఇంజురీ లిస్టు' అని రాశాడు. దెబ్బ తగిలిన ఆటగాడి స్థానంలో పెద్ద టీము వాళ్లు చిన్న టీము నుంచి ఒకరిని పిలిపించుకుంటారట. ఆయన వెంటనే పుంగనూరుకు ఫోను కొట్టాడు.

"అక్కా, యాడుండావు? నాగవేణి లిస్టులో పడిపోయింది. బస్సెక్కేయ్!"

ఏ లిస్టో తెలియక ఆయన అక్క శోభారాణి దోవంతా ఏడుస్తూ వచ్చింది. ఆమెకు స్నానానికి వేడినీళ్లు కావాలి. ఉప్పు తగ్గించి వేరే కూర కావాలి. మంచం గోడవారగా ఉండాలి. అవన్నీ నాగవేణే లేచి చూసింది. ఎనిమిదో రోజు శోభారాణి నడుం పట్టుకుంది. "ఇది అప్పర్ బాడీనా, లోయర్ బాడీనా?" అని లోకనాథ్ ఫోనులో వెతుకుతుండగానే ఆమె పుంగనూరు బస్సెక్కేసింది.

తర్వాతి పిలుపు కుప్పానికి. అక్కడినుంచి ఆయన చిన్నమ్మ మునెమ్మ దిగింది. అరవై ఎనిమిదేళ్ల మనిషి. జన్మంతా గొర్రెలు కాచింది. వచ్చిన మరునాడే మిద్దె మెట్లు ఊడ్చి, కిందికి వచ్చి టీవీ ముందు నిలబడి చాలాసేపు చూసింది.

"ఇంతమంది కర్రలు పట్టుకోని అటూ ఇటూ ఉరుకుతాండారు, సరే. గొర్రెలు యాడప్పా?"

"గొర్రెలు ఉండవు చిన్నమ్మా. ఇది ఆట."

"గొర్రెలు లేకుండానే ఇంత అగసాట్లా! పాపం, ఎవురు కన్న బిడ్డలో."

నాగవేణి దిండ్ల మీద కాలు పెట్టుకొనే అడిగింది. "ఏమయ్యా, మనుషులు సాలకపోతే మీ కోచ్ దిగడా?"

"కోచ్ యాడన్నా దిగుతాడామే? కోటేసుకోని గట్టున నిలబడి చెప్తాడు."

"అట్లనా! ఈడ లుంగీ కట్టుకోని కూసోనుండాడే, అదొక్కటే తేడా."

ఏప్రిల్‌లో సీజన్ ముగిసింది. కామెట్స్ అందరికన్నా అడుగున నిలిచారు. ఆయన ఇచ్చిన మాట ప్రకారం నాగవేణి చీర మార్చుకొని, పాత చీటీ చేతబట్టుకొని వచ్చింది. "సీజన్ అయిపోయింది గదా. స్కానింగ్‌కు పోదాం పా."

"ఇప్పుడు ప్లే ఆఫ్స్ ఉండాయిమే."

"మీ టీము దాంట్లో లేదు గదా?"

"అందుకేమే! మనోళ్లు లేరు కాబట్టి నిశ్చింతగా చూడొచ్చు."

పాఠకులారా, ఈ మాటలోని లోతు గమనించారా? ఇంతటి నిర్మోహం మునులకైనా సాధ్యమా! నాగవేణి చెప్పులేసుకుంది. నేనూ, మునెమ్మా ఆమెను ఆటో ఎక్కించి వెంట వెళ్లాం. ఆరోజు కుళాయి నీళ్లు ఆలస్యంగా వచ్చాయి; ఎక్కే ముందు మునెమ్మ కిటికీలోంచి ఇంట్లోకి కేకేసింది. "లోకా, మోటారేసి వస్తాండా. ట్యాంకు నిండితే ఆపు నాయనా!"

స్కానింగ్ గదిలో పనిచేసే అమ్మాయి ఒకతె కాగితం మీద రాసుకుంటూ అడిగింది. "ఇంట్లో సార్ లేరా ఆంటీ?"

"ఉండాడు పాపా. పెనాల్టీ బాక్సులో ఉండాడు."

"అంటే?"

"తప్పు చేసినోడు బయట కుర్చీలో రెండు నిమిషాలు కూసోవల్ల. అంతసేపూ వాని జట్టు ఒకరు తక్కువతోనే ఆడవల్ల."

"రెండు నిమిషాలే కదా ఆంటీ!"

"మా ఇంట్లో గడియారం నిలిచిపోయింది పాపా. ఇరవై రెండేళ్లాయ."

డాక్టరు ఫిల్ము చూసి ఆపరేషను అక్కర్లేదన్నాడు. ఇంకో నెల ఆగి ఉంటే తప్పేది కాదట. ఈసారైనా ఆరు వారాలు మెట్లెక్కవద్దన్నాడు, గొంతుక్కూర్చోవద్దన్నాడు, పని ఇంకెవరికైనా అప్పజెప్పమన్నాడు. "ఇంకెవరికైనా" అన్న మాట విని నాగవేణి, మునెమ్మ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

మేం తిరిగొచ్చేసరికి పదకొండైంది. గేటు దగ్గరే కాళ్లకు నీళ్లు తగిలాయి. ఏడున్నరకు మొదలైన మ్యాచ్ ఓవర్ టైముకు వెళ్లిందట! ట్యాంకు పొంగి, నీళ్లు పదహారు మెట్లూ దిగి, హాలు నిండిపోయింది. టీవీలోని తెల్లటి మంచు వెలుగు పడి ఆ నీళ్లు అచ్చం ఐసులాగే మెరుస్తున్నాయి. మధ్యలో లోకనాథ్ లుంగీ ఎగగట్టి, టమోటా చొక్కాతో, రెండు చేతులా మాపు కర్ర పట్టుకొని, ఒక కాలు అటూ ఒక కాలు ఇటూ జారుతూ నిలబడ్డాడు. ముందు నల్లటి చెప్పు ఒకటి తేలుతోంది. దాన్ని కర్రతో గుమ్మం వైపు నెడుతున్నాడు.

"వచ్చినావా! ఆ గుడ్డ అందుకోమే, ఒక్కనితో యాడయితాది?"

నాగవేణి గడప దాటలేదు. వరండాలో కుర్చీ వేయించుకొని, కుడికాలు స్టూలు మీద పెట్టుకుంది.

"నేను లిస్టులో ఉండా. క్యాలెండర్ మీద నువ్వే గదా రాస్తివి!"

"మునెమ్మ చిన్నమ్మా, నువ్వన్నా..."

"నేను గొర్రెలకే కర్ర పడతానప్పా," అని మునెమ్మ ఆమె పక్కనే చతికిలబడింది.

లోకనాథ్ ఒక్క క్షణం మా ముగ్గురి వైపూ చూసి, మళ్లీ కర్ర దించాడు. చెప్పు గుమ్మం దాటి వాకిట్లో పడింది. మునెమ్మ చప్పట్లు కొట్టింది.

"బాగుండాది," అంది నాగవేణి. "ఆడయ్యా, ఆడు. ఇప్పటికి ఫస్ట్ పీరియడే."

"ఇంకా రెండుండాయా?"

"ఒకటి వంటిల్లు. ఇంకొకటి మిద్దె మీద గుడ్డలు."