నూట నలభై ఆరు చలవ

ప్రతి గృహిణికీ జీవితంలో ఒక్కసారైనా యాంటీబాడీలు పాజిటివ్ రావాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. శాపం కాదండీ, ఆశీర్వాదమే!

ఎనిమిది నెలలుగా పొద్దున లేచేసరికి నా వేళ్ళు ముడుచుకోం అని మొండికేసేవి. చొక్కా పిండలేను, కుళాయి తిప్పలేను, సీసా మూత సంగతి చెప్పనే అక్కర్లేదు. వంటింటి కిటికీలోకి ఎండ వచ్చేదాకా అవి నా మాట వినేవి కావు. ఇంట్లోవాళ్ళు మటుకు విన్నారా ఏమిటి?

“ఫోన్ చూడడం తగ్గించు,” అన్నారు మావారు. “కదుపుతూ ఉంటే అదే పోతుందమ్మాయ్,” అన్నారు అత్తగారు, కదపడానికి వీలుగా బకెట్టెడు తడిబట్టలు నా ముందుకు జరిపి.

చివరికి రక్తపరీక్ష చేయించాం. మొదటిది కీళ్ళవాతం ఉందేమో చూసే రుమటాయిడ్ ఫ్యాక్టర్. నెగెటివ్! ఆ క్షణాన మా ఇంట్లో నా నొప్పి అధికారికంగా రద్దయింది. “చూశావా, నీకేం లేదు,” అన్నారు మావారు. వేళ్ళకి చదువు రాదు కాబట్టి మర్నాడూ యథాప్రకారం బిగుసుకున్నాయి.

డాక్టరమ్మ కణుపులు నొక్కి, నా ముఖం చూశారు. “ఆ పరీక్షలో రాకపోయినా జబ్బు ఉండొచ్చు. వాపు కనబడుతూనే ఉందిగా,” అని యాంటీ సీసీపీ అనే ఇంకో యాంటీబాడీల పరీక్ష రాశారు. ల్యాబ్ అమ్మాయి చిన్న గొట్టం నిండా రక్తం తీసింది. ఇరవై దాటకూడదట. నాకు నూట నలభై ఆరు!

డిగ్రీలో ఎన్ని మార్కులొచ్చినా నాకింత గౌరవం దక్కలేదు. “నూట నలభై ఆరంటే మాటలా?” అని మావారు వాళ్ళక్కయ్యకు ఫోన్లో చెబుతుంటే గొంతులో గర్వం తొణికింది. బట్టలు ఆయనే పిండుతున్నారు. అత్తగారు సీసా మూతలన్నీ వదులు చేసి పెడుతున్నారు. పొద్దున్నే టీ మంచం దగ్గరికొస్తోంది. చక్కెర కాస్త ఎక్కువే, అయినా అదొక లోపమా? ఎనిమిది నెలల నా గోల చేయలేని పని చిన్న గొట్టం చేసిపెట్టింది.

మందులు మొదలై ఐదు నెలలైంది. నిన్న పొద్దున చూసుకుంటే పిడికిలి హాయిగా ముడుచుకుంది. సంతోషం పట్టలేక, టీ తెస్తున్న మావారితో అన్నాను.

“ఏమండీ, నొప్పి తగ్గింది. ఇవాళ బట్టలు నేను పిండుతాను.”

ఆయన కప్పు పక్కన పెట్టి, బీరువాలోంచి రిపోర్టు తీసి, కళ్ళజోడు తగిలించుకున్నారు.

“నూట నలభై ఆరనే ఉందిగా. నీకేం తెలుసు, పడుకో.”

ఆ అంకె నొప్పిని కొలవదనీ, నొప్పి తగ్గినా అది అలాగే ఉండొచ్చనీ డాక్టరమ్మ నాతో ముందే అన్నారు. చెబుదామని నోరు తెరిచి, మళ్ళీ మూసేశాను. ఉందంటే నమ్మని మనిషి, లేదంటే మాత్రం ఎందుకు నమ్మాలి?

టీ తాగి పడుకున్నాను. పిడికిలి మాత్రం దుప్పటి కింద దాచుకున్నాను.