ఊతపుల్లల సైన్యం

ఒక పెద్ద అడవి నడుమ రాతికోట ఉండేది. ఆ కోటకు సేనాని దుర్గాంబ అనే ముంగిస. సైన్యమంతా ఉత్తర ద్వారం వద్ద బారులు తీరి ఉండగా, వానలకు దక్షిణపు గోడ కూలి, తోడేళ్లు దూరేంత సందు పడింది. ఆ సందు పక్కనే కుందేటి పిల్లల బొరియలు. సగం సైన్యాన్ని అక్కడికి మార్చాలని దుర్గాంబ పథకం వేసింది.

మార్చాలంటే పరిశీలక సంఘం ఆమోదించాలి. ఆ సంఘానికి చెబితే తలకెక్కదు, చూపించాలి. అందుకని ఆమె చెదపురుగులను పిలిచింది. అవి సైనికుణ్ణి ఒక్కసారి చూసి, మట్టిని పొర మీద పొరగా వేసి, వేలెడంత బొమ్మను ముద్రించి ఇచ్చేవి. కత్తులతో, డాళ్లతో, బల్లేలతో రెండు వందల బొమ్మలు ఇసుక పళ్లెంలో కొలువుతీరాయి.

"ఇదిగో అధ్యక్షా, దక్షిణపు సందు. తోడేళ్లు ఇటునుంచి గనక వస్తే..."

"ఆగు తల్లీ. ముందు బొమ్మల సంగతి తేలనీ," అన్నాడు అధ్యక్షుడు ఎలుగుబంటి. ఒక కుందేలు బొమ్మను ఎత్తి నాకి చూశాడు. "మట్టి మంచిదే."

సంఘ సభ్యుడు నెమలి మెడ వంచి చూశాడు. "శిరస్త్రాణం మీద ఈక ఒక్కటీ లేదు. సైన్యమా ఇది? పెళ్లికి పిలవని చుట్టాల్లా ఉన్నారు!"

"ఇది దున్నా, మేకా?" అని మూడో సభ్యుడు అడవిదున్న గుర్రుమన్నాడు. "ఇవేం కొమ్ములు?"

ఈకలకు, కొమ్ములకు మూడు రోజులు పట్టింది. నాలుగవనాడు ఎలుగుబంటి నివేదిక చదివాడు. "ప్రతి సైనికుని గడ్డము క్రింద, మోచేతి క్రింద ఒక్కొక్క పుల్ల గలదు. ఇట్టి స్థిరత్వము మిక్కిలి ప్రశంసనీయము."

చెదల పెద్దమ్మ నసిగింది. "అయ్యా, అవి ఊతపుల్లలండీ. తడి బొమ్మ వాలిపోకుండా పెడతాం. ఆరాక విరిచెయ్యాలి. తొందరలో మరిచాం."

ఎలుగుబంటి తన సంతకం వైపు చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు.

"విరిచేస్తే మేము ఆమోదించిన బొమ్మ ఏది? లోపం బొమ్మల్లో లేదమ్మా, సైన్యంలో ఉంది. అందరికీ పుల్లలు కట్టించండి."

"మరి నా సందు?" అంది దుర్గాంబ.

"సందు మా పరిధిలోకి రాదు."

సైనికులందరికీ గడ్డం కింద, మోచేతి కింద వెదురుపుల్లలు కట్టారు. తల తిప్పే వీలు, కత్తి ఎత్తే వీలు లేకపోయింది. మర్నాడు ఉదయం తోడేళ్లు దక్షిణపు సందులోంచే వచ్చాయి. దుర్గాంబ తన పుల్లను కొరికి పారేసి, కుందేటి పిల్లలను వాగు దాటించింది. సైన్యం మాత్రం ఉత్తరానికి చూస్తూనే బందీ అయింది. ఒక్కరూ వాలిపోలేదు.

తోడేళ్ల రాజు పుల్లలను తట్టి చూశాడు. "ఇవి కట్టించిన మహానుభావులెవరయ్యా?"

ముగ్గురూ గర్వంగా ముందుకొచ్చారు.

"ఇంతటి పనిమంతులను ఎవరైనా వదులుకుంటారా? నేటి నుంచి మా పరిశీలక సంఘమూ మీరే!"

"ధన్యులం ప్రభూ," అని ఎలుగుబంటి రాజును ఎగాదిగా చూశాడు. "అయితే తమ సేనలో స్థిరత్వం కాస్త తక్కువగా కనిపిస్తోంది."

ఆ మాట వాగు అవతలికి వినిపించింది. "కోట పోయింది కదా సేనానమ్మా?" అని ఒక కుందేటి పిల్ల వెక్కింది.

"ఏడవకు నాన్నా," అంది దుర్గాంబ. ఆమె నవ్వడం పిల్లలు అదే మొదటిసారి చూడటం. "ఆ తోడేళ్లకూ పుల్లలు కట్టడం పూర్తి కానీ. ఈలోగా మీరు పళ్లకు పదును పెట్టుకోండి, మనవాళ్ల పుల్లలు కొరకాలి."

కాబట్టి నాయనలారా, శత్రువును గెలవలేనినాడు మన పరిశీలక సంఘాన్ని అతనికి అప్పగించడమే ఉత్తమమైన యుద్ధనీతి.