మూరా అర జాన ఏంటెనా

ఆ రోజు పొద్దున ఫ్రేములాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చేయాలి, కాఫీ తాగాలి, షాపు తీయకూడదు, స్కానర్ ముందు కుర్చీ వేసుకుని కూర్చోవాలి. పది గంటలకి ఆయన కూతురు మొట్టమొదటిసారి, పక్కన నేర్పేవాళ్ళెవరూ లేకుండా, ఒంటరిగా విమానం నడుపుతుంది. ఆ పిల్ల గొంతు గాల్లోంచి వస్తుంటే వినాలి. అంతే. ఇందులో చెడిపోవడానికేముంది అనిపిస్తుంది ఎవరికైనా. అలా అనిపించిన పనులే చెడిపోతాయని ఆయనకి ఈ వయసుకైనా తెలిసుండాల్సింది.

స్కానర్ అంటే విమానాల వాళ్ళూ, కింద టవర్లో కూర్చున్నవాళ్ళూ మాట్లాడుకునేది వినిపించే చేతి రేడియో. ఫొటోలకి ఫ్రేములు కట్టుకునే మనిషికి అదెందుకని అందరూ నవ్వారు. కూతురు శిక్షణలో చేరిన వారమే ఆయన దాన్ని పాత సామాన్ల వాడి దగ్గర కొనేశాడు. నేరుగా వెళ్ళి చూడొచ్చుగా అంటే, అది కుదరదు. పిల్ల ఒట్టు వేయించుకుంది.

"నాన్నా, నువ్వొస్తే నా చేతులు వణుకుతాయి. గేటు దగ్గరే కాదు, కంచె దగ్గర కూడా కనిపించొద్దు. అసలెక్కడా కనిపించొద్దు."

తప్పు పిల్లది కాదు. ఆమె సైకిలు నేర్చుకునేటప్పుడు ఆయన వెనక పరిగెత్తుతూ పెట్టిన కేకలకి బెదిరిపోయి మురుక్కాలవలో పడింది. కాలవలోంచి లేవదీస్తూ కూడా ఆయన కేకలాపలేదు.

సరే, కాఫీ అయింది. స్కానర్ స్విచ్చి వేశాడు. దీపం వెలిగింది. మాట లేదు, పలుకు లేదు. రోజూ బుస్సుమనేది, ఇవాళ ఆ బుస కూడా లేదు.

"ఏంటెనా పోయింది!" అన్నాడు ఫ్రేములాయన గుండె మీద చెయ్యేసుకుని.

మూల కుర్చీలో కూర్చున్న అత్తగారు తలెత్తింది. "అల్లుడూ, నేనొక మాట చెప్పనా?"

"తర్వాత అత్తయ్యా, తర్వాత!" అని ఆయన పట్టకారు తెచ్చి, ఏంటెనా మొదట్లో పట్టుకుని గట్టిగా తిప్పాడు. టప్పుమంది. అప్పటిదాకా పోయిందో లేదో తెలియని ఏంటెనా అప్పుడు నిజంగానే పోయింది.

ఆయన చెప్పులేసుకుని పరిగెత్తాడు. వెనకే బావమరిది. ఈ బావమరిది ఒక ఉద్యోగం మానేసి ఇంకో ఉద్యోగంలో చేరే మధ్యలో అక్కగారింట్లో ఉన్నాడు. ఆ మధ్య ఎంతకీ అయిపోవడం లేదు.

రేడియోలు బాగుచేసే ముసలాయన్ని అందరూ డాక్టరు అంటారు. ఆయన విరిగిన ముక్కని కళ్ళజోడు పైకెత్తి చూసి, కిందికి దించి చూసి, పెదవి విరిచాడు.

"దీని తయారీ ఆపేసి చాలా కాలమైంది. ఈ మరచుట్టు దీనికి తప్ప దేనికీ ఉండదు. ఇప్పుడిది దొరకాలంటే నాలాంటి పాత రేడియోల పిచ్చోడెవడో పోవాలి, వాళ్ళావిడ సామాను అమ్మాలి."

"మీ దగ్గరొకటి ఉందా అయితే?"

"ఉంది. కానీ నేను పోవట్లేదుగా!"

"పోనీ, ఇంట్లోనే ఒకటి కట్టుకోవడానికి కుదరదా? పదింటికి మా అమ్మాయి ఎగురుతుంది డాక్టరు గారూ!"

ఆ మాటకి ముసలాయన కాస్త మెత్తబడ్డాడు. స్కానర్‌కి పట్టే పిన్నూ, దానికతికిన వైరూ తీసిచ్చాడు. "మధ్యలో నిలువుగా ఒక కడ్డీ. దాని మొదట్లో నాలుగు కడ్డీలు, కాళ్ళు చాపుకున్నట్టు కిందికి వంగి ఉండాలి. ఒక్కోటీ మూరా అర జాన. వైరు లోపలి తీగ నిలువు దానికి, పైనున్న జల్లెడ తీగ నాలుగు కాళ్ళకి. ఎంత ఎత్తులో పెడితే అంత మంచిది. వెళ్ళండి!"

ఇంటికొచ్చాక మొదటి తగువు. ఎవరి మూర? ఫ్రేములాయన పొట్టి, బావమరిది పొడుగు.

"నా ఏంటెనా, నా మూర!" అన్నాడు ఆయన.

"ఆ డాక్టరుది నీకంటే పొడుగు చెయ్యి బావా, నేను చూశాగా. నా మూరే కరెక్టు."

చివరికి నిలువు కడ్డీ బావ మూరతో, కాళ్ళు బావమరిది మూరతో అని రాజీ కుదిరింది. వంటింటి కిటికీకున్న తెర కడ్డీ నిలువుగా నిలబడింది. భార్య గరిటె పట్టుకుని వచ్చింది.

"ఏమండీ, నా తెరేది?"

"కూతురి గొంతు వినాలా వద్దా?"

"వినాలి. తెర కూడా కావాలి."

కాళ్ళకోసం బావమరిది మెట్ల దగ్గర ఆనించి ఉన్న గొడుగొకటి పట్టుకొచ్చి, గుడ్డ చింపి ఊచలు పీకేశాడు. అది ఎవరిదో ఎవరూ అడగలేదు. కంగారులో ఉన్నప్పుడు మనింట్లో కనపడ్డవన్నీ మనవే.

మేడ మీద అత్తగారు బట్టలారేసుకునే దండెం ఉంది. దాని గుంజ పీకారు, తీగ కోశారు. గుంజ కొసకి ఏంటెనా కట్టి నిలబెట్టారు. వైరు తగిలించి స్కానర్ వేశారు. మాట లేదు, పలుకు లేదు.

అప్పుడే అత్తగారు తడి తువ్వాళ్ళ బకెట్టుతో ఆయాసపడుతూ పైకొచ్చింది. "నా దండెమేదీ? అల్లుడూ, నేను చెప్పేది విను, ఆ రేడియోకి..."

"ఉండమ్మా, మధ్యలో నువ్వొకత్తివి!" అన్నాడు బావమరిది. "బావా, ఎత్తు చాలట్లేదు."

మంచినీళ్ళ ట్యాంకు మీదికెక్కించారు. లేదు. పడమటికి వంచారు. లేదు. బావమరిది కళ్ళు మెరిశాయి. వాడి కళ్ళు మెరిసినప్పుడల్లా ఇంట్లో ఏదో ఒకటి విరుగుతుంది.

"బావా, వెనకాల లోహం ఏదన్నా ఉంటే సిగ్నలు దానికి తగిలి ముందుకొస్తుందంట. నీ దగ్గర ఆ పెద్ద ఫ్రేముందిగా!"

ఉంది. ఒక పెళ్ళి హాలు వాళ్ళకని కట్టిన నిలువెత్తు రేకు ఫ్రేము, బంగారు రంగు పూతతో తళతళలాడుతోంది. సాయంత్రం అప్పగించాలి. ఇద్దరూ కలిసి దాన్ని మెట్ల మీద గోడలన్నీ గీకుతూ మోసుకొచ్చారు. అది నిలబడనంటుంది. దాంతో ఫ్రేములాయన ట్యాంకు మీదికెక్కి, ఫ్రేము మధ్యలో దూరి నిలబడి, రెండు చేతులా దాన్నీ, మోకాళ్ళ మధ్య గుంజనీ పట్టుకున్నాడు.

అత్తగారు కింద నుంచి చూసి బుగ్గలు నొక్కుకుంది. "బతికుండగానే ఫ్రేమెక్కావా నాయనా!"

ఈ చప్పుళ్ళకి అపార్ట్‌మెంటు సెక్రటరీ పైకొచ్చాడు. నిజానికి ఆయనొచ్చింది గొడుగు కోసం. మెట్ల మీద గుడ్డ దొరికింది, ఊచలు మాత్రం ట్యాంకు మీద కనిపించాయి.

"ఏమిటిది? నా గొడుగు... ఆ గొడుగు... అసలిదేమిటి?"

"ఏంటెనా సార్!"

"మేడ మీద బట్టల దండెం తప్ప ఇంకేదీ ఉండకూడదని నిబంధన ఉందా లేదా? విమానాలు మన నెత్తిమీంచే తిరుగుతాయి. ఈ మెరుపుకి కళ్ళు చెదిరి ఎవడైనా మన బిల్డింగు మీద దింపితే?"

"దింపదు సార్, మా పిల్ల బాగా నడుపుతుంది!"

ఈ జవాబుతో సెక్రటరీకి ఉన్న కాస్త ధైర్యం కూడా పోయింది. వెంటనే ఫోను తీసి విమానాశ్రయం వాళ్ళకి చెప్పేశాడు: ఫలానా చోట మేడ మీద ఏదో పెద్ద లోహపు యంత్రం ఎక్కించారు, దాంట్లో ఒక మనిషి ఉన్నాడు, మాట పొంతన లేదు.

పది దాటింది. దూరంగా చిన్న విమానం మోత. స్కానర్ మాత్రం మూగదే. ట్యాంకు మీద ఫ్రేములాయన ఆకాశంలోకి చూశాడు. "అయిపోయింది. ఎగిరింది. నేను వినలేదు."

అల్లుడి మొహం చూసి అత్తగారు బకెట్టు కింద పెట్టింది. ఇక ఎవర్నీ అడగలేదు. కొడుకు చేతిలోంచి స్కానర్ లాక్కుని, దాని మీదున్న రెండో తిప్పుడు బిరడా వెనక్కి తిప్పింది.

బుస్సుమంది!

"నిన్న నాకు కునుకు పడుతుంటే పాములా బుసకొడుతోంది. ఈ బిరడా కొసదాకా తిప్పి నేనే నోరు మూయించా. పొద్దుట్నుంచీ చెబుదామంటే ఎవడు విన్నాడు?"

అది హోరుని అణిచే బిరడా. మరీ ఎక్కువ తిప్పితే హోరుతో పాటు మనుషుల్ని కూడా అణిచేస్తుంది. ఫ్రేములాయన తిట్టుకోబోయాడు, కానీ అంతలో బుసని చీల్చుకుంటూ గొంతొచ్చింది.

"టవర్, ఎడమకి తిరుగుతున్నాను."

ఆ పిల్లే! పక్క గదిలోంచి పిలిచినంత స్పష్టంగా ఉంది. తెర కోసం పైకొచ్చిన భార్య చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది. సెక్రటరీ కూడా నోరు తెరిచి పైకి చూశాడు. ఫ్రేములాయన ఫ్రేములో నిలబడి, కన్నీళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక అలాగే ఉండిపోయాడు.

అప్పుడు టవర్ మాట్లాడింది. "మీ ఎడమ పక్క మేడ మీద ఏదో వస్తువుందని ఫోనొచ్చింది. గాల్లో ఉన్నది మీరొక్కరే. కనిపిస్తోందా?"

ఫ్రేములాయనకి ఒట్టు గుర్తొచ్చింది. అసలెక్కడా కనిపించొద్దు!

"దూకెయ్ బావా!"

"వదిలితే పడిపోతుందిరా!" అని ఆయన ఫ్రేములోనే గొంతుక్కూర్చున్నాడు.

"కనిపిస్తోంది టవర్. పెద్ద బంగారు ఫ్రేము. మధ్యలో ఒక మనిషి."

"ఏం చేస్తున్నాడు?"

"దాక్కుంటున్నాడు."

"ప్రమాదమా?"

కాసేపు ఒట్టి బుస. తర్వాత ఆ గొంతు, రవ్వంత కూడా వణక్కుండా, "విమానాలకి కాదు. ఆయన మా నాన్న" అంది.

టవర్‌లో ఎవరో ఫక్కున నవ్వారు. నవ్వు ఆపుకుంటూనే దిగడానికి అనుమతిచ్చారు. "దిగాను" అన్న మాట వినగానే మేడంతా ఒక్కటే గోల. ఎవర్ని కౌగిలించుకుంటున్నాడో చూసుకోకుండా బావమరిది సెక్రటరీని కౌగిలించుకున్నాడు.

కాసేపటికి ఫోను మోగింది.

"కనిపించొద్దన్నానా నాన్నా?"

"నేను ఇంట్లోంచి కదల్లేదమ్మా. నువ్వే మనింటి మీదికొచ్చావు."

అవతల నవ్వు. "బాగా వినిపించానా?"

"ఒక్క కేక కూడా వేయలేదు నేను" అన్నాడాయన. అడిగినదానికి అది జవాబు కాదు. పిల్లకి మాత్రం అది చాలింది.

ఫోను పెట్టేసేసరికి సెక్రటరీ తేరుకున్నాడు. గొడుగు సంగతి తర్వాత, ముందు దీన్ని ఇప్పుడే పీకాలి, దండెం తప్ప ఇంకేదీ ఉండకూడదు అని వేలు చూపించాడు. అత్తగారు ఆయన్ని ఎగాదిగా చూసి, గుంజని ట్యాంకు మీంచి దింపించి, బకెట్లోంచి తువ్వాలొకటి తీసి పిండి, గొడుగు ఊచ మీద ఆరేసింది. తర్వాత ఇంకోటి ఆరేసింది.

నిబంధనల ప్రకారం అది ఇప్పటికీ దండెమే.