ముట్టుకోని సాయం

మంత్రిగారూ, కమిషనర్‌గారూ, ఈ పని మీ ఇద్దరిదే. ఆ పిల్ల చేతుల్లోంచి పదివేలు లాక్కున్నది మీరే. ఖాళీ చేతుల్లోంచి ఏం లాక్కుంటాం అంటారేమో. అక్కడే ఉంది మీ గొప్పతనం. ఖాళీ చేతుల్లోంచి కూడా తీసుకోగలిగిన సర్కారును ఈ జనం ఇదే చూడటం.

మహమ్మారికి కాలేజీలు మూతబడ్డ ఏడో నెలలో మంత్రిగారు మూడు మాస్కుల వెనక నుంచి ప్రకటన చేశారు. "విద్యార్థులకు తలా పదివేలు అత్యవసర సాయం. ఎవరూ ఇల్లు కదలక్కర్లేదు. ఎవరూ ఎవర్నీ ముట్టుకోరు. ఇది స్పర్శరహిత సాయం."

ఆ మర్నాడే విద్యాశాఖ కమిషనర్ ఆఫీసు నుంచి రీటేక్‌కి ఫోనొచ్చింది. అతను పెళ్లి వీడియోలు తీస్తాడు. ప్రతి ముహూర్తంలోనూ "ఇంకొక్కసారి సార్" అంటాడని జనం పెట్టిన పేరది. ఏడు నెలలుగా ఒక్క పెళ్లీ లేదు. కెమెరాకి బూజు పట్టింది.

"షాట్ మిస్సయితే ఏం చేస్తావ్?" అని అడిగాడు కమిషనర్.

"ఓసారి పెళ్లికొడుకు రావడం మిస్సయ్యాను సార్. వెళ్లిపోవడం తీసి వెనక్కి తిప్పేశా. శుభ్రంగా వచ్చాడు."

"ఎవరూ కనిపెట్టలేదా?"

"కారు రివర్సులో వచ్చింది సార్. డ్రైవరెవరో మంచి పనిమంతుడన్నారు."

కమిషనర్ ఆ ముక్క డైరీలో రాసుకున్నాడు. దూరాలోచన అంటే అది.

పథకం చాలా తేలిక. మంత్రిగారు తన గదిలో గాల్లోకి కవరు చాపుతారు. విద్యార్థి తన ఇంట్లో గాల్లోంచి అందుకుని, ఫోన్లో తీసి పంపుతాడు. రెండూ కలిపి అతికించడం రీటేక్ పని.

"పిల్లలు నలభైవేల మంది కదా సార్, కవరు ఒక్కటేనా?"

"ముట్టుకోని కవరు అరగదయ్యా."

"లోపల..."

"బయట ముద్ర కనబడుతోందా లేదా?"

కనబడుతోంది. రీటేక్ జాబితాలో మొట్టమొదటి పేరు తన చెల్లెలిదే పెట్టించుకున్నాడు. ఆ పిల్ల ఫార్మసీ ఆఖరి ఏడు. పరీక్ష ఫీజు తొమ్మిదివేల ఎనిమిది వందలు. గడువు శుక్రవారం సాయంత్రం అయిదు. తప్పితే ఏడాది గోవిందా.

ఇంట్లో బీరువా పక్కన నిలబెట్టి షూటింగ్ మొదలెట్టాడు.

"కాస్త ఆనందపడవే."

"డబ్బొచ్చాక పడతాలే అన్నయ్యా."

"అడ్వాన్సుగా పడు. లైటింగ్ పోతోంది."

చెల్లెలు గాల్లోంచి అందుకుని, గుండెకి హత్తుకుంది. వెనకాల నాన్న వంటింట్లోంచి నడిచొచ్చి, గ్లాసెత్తి నీళ్లు తాగాడు. టీవీలో చూసి ఊరంతా కళ్లు తుడుచుకుంది. ఫోన్‌కి మెసేజ్ వచ్చింది: మీకు సాయం అందినది. బ్యాంకు అకౌంటుకి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా, "మీరు తీసుకోవడం నేనూ చూశాను మేడమ్. చాలా బాగా తీసుకున్నారు" అంది.

మంగళవారం రీటేక్ కమిషనర్ దగ్గరికి పరిగెత్తాడు. ఆయన ఎదురొచ్చి మరీ కూర్చోబెట్టాడు. "సమయానికి వచ్చావ్. డబ్బేదని ఆడిట్ వాళ్లు అడుగుతున్నారు. ఇచ్చేశాం అంటే అకౌంట్లు చూస్తామంటున్నారు. అందుకని... ఆ పెళ్లికొడుకు గుర్తున్నాడా?"

రీటేక్‌కి గుర్తున్నాడు. కారు రివర్సులో రావడమూ గుర్తుంది.

"సార్, అందులో మా చెల్లెలుంది."

"మొదటి పేరు ఆమెదే కదా. సాయంలోనూ ఫస్టే, త్యాగంలోనూ ఫస్టే. అదృష్టవంతురాలు. ముందిది కానివ్వు, మీ ఇంటి సంగతి తర్వాత చూద్దాం."

చూద్దాం అన్న మాట పట్టుకుని రీటేక్ ఒక్క బటన్ నొక్కాడు. ఒక్కటే.

బుధవారం అన్ని చానళ్లలోనూ అదే. నలభైవేల మంది పిల్లలు గుండెకి హత్తుకున్న కవర్లు తీసి మంత్రిగారికి చాపుతున్నారు. మంత్రిగారు వినయంగా వెనక్కి లాక్కుంటున్నారు. కష్టకాలంలో పిల్లలే సర్కారును ఆదుకున్నారని కింద అక్షరాలు పరిగెడుతున్నాయి.

అమ్మ టీవీకి దగ్గరగా జరిగింది. "మీ నాన్నేంట్రా, నోట్లో నీళ్లు గ్లాసులో పోసి వెనక్కి నడుస్తున్నాడు?"

"దాతల ఇంట్లో అలాగే నడుస్తారమ్మా," అంది చెల్లెలు. రీటేక్ వైపు చూడలేదు.

గురువారం పొద్దున్నే 'మహాదాత' అని సర్టిఫికెట్ వచ్చింది. ఫీజుకి కాస్త గడువివ్వమని కాలేజీలో అడిగితే, దాతలకి గడువిచ్చే రూలు లేదని గుమస్తా నమస్కారం పెట్టి పంపాడు.

చెల్లెలు ఇంటికొచ్చి చెప్పులైనా విప్పలేదు. "కెమెరా తియ్ అన్నయ్యా."

"మళ్లీ ఎందుకే?"

"ఇంకొక్కసారి."

గోడ గడియారం దించేసింది. ఫ్యాన్ ఆపింది. నాన్నని కూర్చోబెట్టి కదలొద్దంది. వెనక గోడకి ఓ కాగితం అంటించి, కెమెరా ముందు రెండు చేతులూ చాపి, ఊపిరి బిగబట్టి నిలబడింది. అరనిమిషం.

"ఇప్పుడు వెనక్కి తిప్పు."

తిప్పాడు. చాపిన చేతులు, ఖాళీ చేతులు.

"ముందుకు తిప్పు."

అవే చేతులు. ఏ బటన్ నొక్కినా అవే.

రీటేక్ ఆ ముక్కని తన పేరు పెట్టి మరీ వదిలాడు. మధ్యాహ్నానికి నలభైవేల ఇళ్లలో ఫ్యాన్లు ఆగిపోయాయి. ఎక్కడ చూసినా చేతులే, వాటి వెనక అదే కాగితం:

"ఈ చేతుల్లో ఏమీ లేదు. అప్పుడూ లేదు. మంత్రిగారూ, రేపు సాయంత్రం అయిదులోపు ఆ కవర్లో డబ్బు పెట్టి తీసుకురండి. ముట్టుకునే ఇవ్వండి."