రాజుగారి చెరువులో రాకెట్ ముక్క

ఆ రోజు ఉదయం నరసరాజు చేపల పట్టుబడి పెట్టుకున్నాడు. కొల్లేటికోట దారిలో ఉన్న అతని చెరువు కోసం ఏలూరు నుంచి లారీ బయలుదేరింది. వల లాగేవాళ్ళు దారిలో ఉన్నారు. రానిది కరెంటు ఒక్కటే. రాత్రంతా మబ్బు పట్టింది, నీళ్ళు చిలికే ఏరియేటర్లు ఆగిపోయాయి, జనరేటర్ సరిగ్గా ఈ రోజే అలిగింది. ఊపిరాడక చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. ఇద్దరు ముగ్గురు దిగి కాళ్ళతో నీళ్ళు కొడితే గాలి అందే చెరువు కాదది. ఏడాది కష్టం అలా గుటకలు వేస్తుంటే నరసరాజుకి కాళ్ళూ చేతులూ ఆడలేదు.

అప్పుడే ఆకాశం నుంచి నల్లటిదేదో వచ్చి ధన్‌మని గట్టు మీద పడింది. అంతకు ముందే ఎక్కడో టపాకాయ పేలింది గానీ, కొంగల్ని తోలడానికి రోజూ కాల్చేవే కదా అని ఎవరూ పట్టించుకోలేదు.

టిఫిన్ తెచ్చిన భార్య రామలక్ష్మి ఆ మసిబారిన సొట్టల లోహాన్ని చూసి ఫోన్ తీసింది. "ఏవండీ, పాత రాకెట్ ముక్కలు కింద పడుతున్నాయని రాత్రి చదివానండి. ఇదే అయ్యుంటుంది."

"పైన రాకెట్ ముక్కలేంటే?"

"పాడైపోయిన ఉపగ్రహాలూ, వాడేసిన రాకెట్లూ అక్కడే వదిలేశారటండి. వేలకొద్దీ తిరుగుతున్నాయట. ఊడ్చేవాళ్ళు లేరు."

"కొల్లేరు చాల్లేదని అక్కడ కూడా పోశారా చెత్త?" అన్నాడు నరసరాజు విసుగ్గా.

పక్క చెరువు నెల్సన్ పరుగెత్తుకొచ్చాడు. ఆ వస్తువుని చూడగానే అతని ముఖం పాలిపోయింది.

"ఏంటంటావు నెల్సనూ?"

"రాకెట్‌దేనండి రాజుగారు. పడేటప్పుడు నేను చూశానండి. ఇంకో ముక్క కూడా ఉండాలండి, గుండ్రంగా, పల్చగా. మీ చెరువులోనే పడుంటది." అంటూనే లుంగీ ఎగ్గట్టి నీళ్ళలోకి దిగిపోయాడు.

రామలక్ష్మి ఫొటో ఊరి గ్రూపులో పెట్టింది. రెండో ముక్క దొరికినవాళ్ళని టీవీలో చూపిస్తారని ఒకరన్నారు. బహుమతి కూడా ఇస్తారని ఇంకొకరు కలిపారు. కాసేపటికి ఊరు ఊరంతా చెరువులో ఉంది. దోనెల మీద కొందరు, ట్రాక్టరు ట్యూబుల మీద కొందరు. వల లాగేవాళ్ళు రాగానే వల గట్టు మీద పడేసి దూకారు.

"బాబ్బాబు, దిగకండి. అసలే చేపలు చస్తున్నాయి," అని నరసరాజు గొంతు పోయేలా అరిచాడు. వినే నాథుడు లేడు. గట్టు మీద కూలబడి తల పట్టుకున్నాడు.

"ఏవండీ, ఒకసారి నీళ్ళ వంక చూడండి," అంది రామలక్ష్మి.

చూశాడు. వందల కాళ్ళూ చేతులూ చిలికేసరికి చెరువంతా నురగ. పైన ఒక్క చేప నోరు లేదు. ఊపిరి అంది అన్నీ అడుగుకి వెళ్ళిపోయాయి. నరసరాజుకి కళ్ళు తడిశాయి. లేచి రెండు చేతులూ జోడించాడు.

"దిగండి బాబూ, ఇంకా దిగండి. ఆ ఈశాన్యం మూల ఎవరూ వెతకలేదు."

కరెంటు వచ్చేదాకా వాళ్ళ చేత వెతికిస్తూనే ఉన్నాడు. ఏరియేటర్లు తిరగడం మొదలయ్యాక నెల్సన్ భార్య పెర్సిస్ వచ్చింది.

"మా ఆయన ఇటొచ్చారాండి? మా బిర్యానీ గిన్నె పొద్దున్నించీ కనపడట్లేదు," అంటూ రాకెట్ ముక్క దగ్గర ఆగిపోయింది. వంగి, కొంగుతో మసి తుడిచింది. చుక్కలు చుక్కలుగా కొట్టించిన పేర్లు బయటపడ్డాయి: 'చి. సౌ. పెర్సిస్ పెళ్ళికి మేనత్త హన్నమ్మ'.

సరిగ్గా అప్పుడే నెల్సన్ మూత చేత్తో పట్టుకుని నీళ్ళలోంచి పైకి లేచాడు. అందరూ తననే చూస్తున్నారు.

"కొంగలకి మోత బాగా వినపడుద్దని గిన్నె టపాకాయ మీద బోర్లించి, పైన మూత కూడా పెట్టానండి," అన్నాడు పెళ్ళాం వైపు చూడకుండా. "మూతైనా దొరికితే చాలనుకున్నాను."

నరసరాజు వెళ్ళి తడి మనిషిని తడిగానే కౌగిలించుకున్నాడు. "నా చెరువు బతికించావు నెల్సనూ. నీ రుణం తీరదు."

చెరువులో దిగిన ప్రతివాళ్ళింటికీ ఆ సాయంత్రం చేపలు వెళ్ళాయి. పెర్సిస్‌కి ఇంకా పెద్ద గిన్నె వచ్చింది, పేరు కొట్టించి మరీ.

మబ్బు పట్టి కరెంటు పోయిన ప్రతి ఉదయం నరసరాజు ఇప్పటికీ నెల్సన్‌కి ఫోన్ చేసి, ఇంట్లో గిన్నెలేమైనా ఖాళీగా ఉన్నాయా అని అడుగుతుంటాడు.