తొంభై ఎనిమిది కార్డుల కట్ట

ఆదివారం పదింటికల్లా కార్డుల షాపులో జరిగే పోటీకి వెళ్లాలని పొద్దున్నే తయారైంది పళ్ల డాక్టరు. ఏడాదిగా ఆడుతోంది, పోటీలో ఒక్క ఆటా గెలవలేదు. "ఈసారీ ఓడిపోతే కార్డులన్నీ ఎవరికైనా ఇచ్చేస్తా," అని ఇంట్లో చెప్పేసింది కూడా. అందుకే నెల రోజులు కుస్తీ పట్టి అరవై కార్డుల కట్ట పేర్చుకుంది. అందులో ఇరవై నాలుగు నిప్పురవ్వ కార్డులు. రవ్వలు ఖర్చుపెడితేనే చేతిలోని జంతువు బల్ల మీదికి వస్తుంది.

తొమ్మిదింటికి క్లినిక్కు నుంచి ఫోను. ఎవరికో దవడ వాచిందట. "కట్ట డబ్బాలో ఉంది. అందులోని కార్డుల లిస్టు రాసి షాపులో ఇచ్చేయండి. నేను అటునుంచి అటే వస్తా," అని భర్తకు చెప్పి పరుగెత్తింది.

ఆయన స్నానానికి వెళ్లగానే అత్తగారు బల్ల సర్దడం మొదలుపెట్టారు. ఆవిడ ముప్పై ఏళ్లు లైబ్రేరియన్‌గా చేసి రిటైరయ్యారు. డబ్బా తెరిస్తే ఒకే బొమ్మ ఇరవై నాలుగు సార్లు! "ఒకే పుస్తకం ఇన్ని కాపీలా? పాపం, పిచ్చిపిల్లకి షాపువాడు అంటగట్టి ఉంటాడు," అని జాలిపడి, ఎనిమిది ఉంచి, తక్కిన పదహారూ కవర్లో పెట్టి, పైన 'నకళ్లు' అని రాసి బీరువాలో దాచారు.

భర్త లిఫ్టుల ఇంజినీరు. లిస్టు రాస్తూ లెక్కపెడితే నలభై నాలుగే తేలాయి. తక్కువేమోనని అనుమానం వచ్చింది. షాపుకు ఫోను చేశాడు.

"కట్టలో ఎన్నుండాలండీ?"

"అరవైకి తగ్గకూడదు."

"ఎక్కువైతే?"

"ఎక్కువైతే మీ ఇష్టం."

నలుగురెక్కే లిఫ్టుకు నలభై మందిని మోసే తాడు వేసే మనిషి ఆయన. ఆమె మిగతా కార్డులు దాచే సొరుగులోంచి పెద్ద పెద్ద అంకెలున్న డ్రాగన్లను ఏరి మరీ యాభై నాలుగు కలిపాడు. మూత పడకపోతే రబ్బరు బ్యాండు వేశాడు.

డాక్టరు ఆయాసపడుతూ వచ్చి కూర్చునేసరికి చేతి నిండా డ్రాగన్లే. ఒక్కోటి రెక్క విప్పాలంటే తొమ్మిది రవ్వలు కావాలి. కట్ట మొత్తంలో ఉన్నవి ఎనిమిది. మొదటి ఆట ఆరు నిమిషాల్లో పోయింది. రెండోది నాలుగు.

"ఇదేం పనండీ?" అంది వరండాలోకి వచ్చి.

"నలభై నాలుగే ఉన్నాయి. అరవై ఉండాలన్నారు."

"అరవై ఉండాలంటే తొంభై ఎనిమిది పెడతారా?"

"సేఫ్టీకి..."

ఆట చూడ్డానికి వచ్చిన అత్తగారి మొహం వాడిపోయింది. "ఆ రవ్వలు తీసింది నేనేనమ్మా. ఎక్కువయ్యాయనుకున్నా. ఇప్పుడే వెళ్లి తెస్తాను."

"లిస్టు ఇచ్చాక మార్చకూడదత్తయ్యా."

తిట్టాలనే నోరు తెరిచింది. తల వంచుకుని నిలబడ్డ తల్లీకొడుకులను చూస్తే నవ్వొచ్చింది. "పోనీలెండి. మిగిలింది ఒక్క ఆటే. నవ్వుతూనే ఓడిపోతా."

ఆ ఒక్క ఆటా పడింది చాంపియన్‌తో. అతన్ని అందరూ చెదపురుగు అంటారు. యుద్ధం చేయడు, ఎదుటివాళ్ల కట్టను తినేస్తాడు. మామూలుగా ఎవరైనా తమ కట్టలోంచి మొదట ఏడు కార్డులు, ఆపై వంతుకొకటి తీసుకుంటారు. అతను దింపిన కార్డుల నియమం ప్రకారం, తన వంతు వచ్చినప్పుడల్లా తను మూడు తీసుకోవాలి, ఎదుటి కట్టలోంచి మూడు పారేయాలి. ఎవరి కట్ట ముందు ఖాళీ అయితే వాళ్లు ఓడినట్టు.

"మేడం, ఇది కట్టా, దిండా?" అని నవ్వాడు చెదపురుగు.

తినడం మొదలుపెట్టాడు. డాక్టరు చేయగలిగిందేమీ లేదు, చూస్తూ కూర్చుంది. పద్నాలుగు వంతులయ్యాయి. మామూలు కట్టయితే ఈపాటికి అడుగంటేది. ఇది ఇంకా గుట్టలాగే ఉంది. చెదపురుగు నవ్వు ఆగింది. తన కట్ట వైపు చూసుకున్నాడు. ఆపుదామంటే నియమం ఒప్పుకోదు. పద్దెనిమిదో వంతులో అతని చెయ్యి మూడో కార్డు కోసం వెళ్లింది. అక్కడ ఉత్త బల్ల తగిలింది.

"గెలిచారండీ మేడం!" అన్నాడు షాపాయన, తనే నమ్మలేక.

అత్తగారు ఈల వేశారు. భర్త కళ్లు తుడుచుకున్నాడు. డాక్టరు ఆ రబ్బరు బ్యాండును గాజులా చేతికి తొడుక్కుని, వచ్చే వారం పోటీకి పేరు రాయించింది.

ఆ వచ్చే వారం నలుగురు వంద కార్డుల కట్టలు మోసుకొచ్చి, నలుగురూ ఓడిపోయారు.