రామచంద్రం సార్‌కు జోహార్లు

ఉద్యమ చరిత్రలో కొత్త అధ్యాయం మొదలైందని పార్టీ కొండాపూర్ డివిజన్ కన్వీనర్ ఓదెలు ప్రకటించాడు. ఇక మీదట పోరాటం రోడ్డు మీద ఎంత నడుస్తుందో ఫేస్‌బుక్‌లో కూడా అంతే నడుస్తుంది. రోడ్డు మీదైతే పోలీసులు అడ్డం వస్తారు, ఎండ కొడుతుంది, కార్యకర్తలకు దాహమవుతుంది. ఫేస్‌బుక్‌లో ఈ ఇబ్బందులేవీ లేవు. ఈ ప్రకటన చేసేటప్పుడు ఓదెలు ఒక చేతి పిడికిలి బిగించి పైకెత్తాడు. రెండో చెయ్యి కూడా పైకే ఉంది. అందులో ఉన్న ఫోన్ ఆయన ముఖం వైపు తిరిగి ఉంది.

సకల జనుల సమ్మె రోజులవి. బడులు మూతపడ్డాయి. బస్సులు డిపోలు దాటడం లేదు. మాదాపూర్ అద్దాల మేడల్లో జనరేటర్లు మాత్రం సమ్మెలో చేరలేదు.

ఆనాటి కార్యక్రమం వంటావార్పు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే తిని నిరసన తెలపాలి. జనం మధ్య చాప మీద రామచంద్రం సార్ కూర్చుని ఉన్నాడు. ఆయన రిటైరైన సోషల్ పంతులు. పెద్దపల్లి దగ్గరి ఊరి బడిలో ఓదెలుకు పదో తరగతి దాకా పాఠం చెప్పినవాడు. ఉగాదికి ముందు భార్య శారదమ్మ చనిపోయాక, కూతురు స్వప్నతో ఉండటానికి నల్లగండ్ల ఫ్లాటుకు వచ్చాడు. పాత శిష్యుడు బతిమాలితే కాదనలేక ఆ పూట చౌరస్తాకు వచ్చాడు.

అన్నం ఉడికి చాలాసేపైంది. కానీ తినడానికి వీల్లేదు. ఫొటో ఇంకా కుదరలేదు.

"ఆవిరి కనబడ్తలేదు. మల్ల మంట పెట్టుండ్రి" అన్నాడు ఓదెలు.

"మాడిపోతది అన్నా" అన్నాడు గరిటె పట్టుకున్నవాడు.

"మాడితే ఫొటోల వాసన రాదు తమ్మీ, పెట్టు."

సార్ చాలాసేపటి నుంచి చూస్తున్నాడు. చివరికి ఉండబట్టలేక అడిగాడు. "ఓదెలూ, ఆ ఫోన్ మాటిమాటికీ ఎందుకు తీసి చూస్తవురా? చుట్ట తాగేటోడు సుత చుట్టను ఇన్నిసార్లు తియ్యడు."

ఓదెలు పక్కన గొంతుక్కూర్చున్నాడు. "ఉన్నదున్నట్టు చెప్త సార్. ఇంట్ల మా కొమురమ్మకు పది మాటలు చెప్తే ఒక్కదానికి ఊ కొట్టది. పార్టీ మీటింగుల నా వంతు వచ్చేసరికి అందరు లేసి చాయ్ తాగనీకి పోతరు. గీ ఫోన్ల ఒక్క ముచ్చట పెడితే రెండొందల మంది ఊ కొడ్తరు. ఇగ మీరే చెప్పుండ్రి."

ఆదివారం అనుబంధాల్లో డాక్టర్లు ఈ అలవాటు గురించి పేజీలకు పేజీలు రాస్తుంటారు. అంత సూటిగా చెప్పినవాడు వాళ్లలో ఒక్కడూ లేడని సార్‌కు అనిపించింది. ఆ తరువాత ఏమీ అనిపించలేదు. ఎండకు కళ్లు తిరిగి చాప మీదే పక్కకు ఒరిగిపోయాడు.

నలుగురు పట్టి అంబులెన్స్ ఎక్కించారు. అప్పుడే ఓదెలు ఒక సంగతి గమనించాడు. మాదాపూర్ డివిజన్ కన్వీనర్ రమేష్ కొంచెం దూరంలో నిలబడి ఫోన్‌లో ఏదో టైపు చేస్తున్నాడు. సైబరాబాద్ మొత్తానికి సోషల్ మీడియా ఇన్‌చార్జిని వేస్తామని పార్టీ చెప్పింది. పోటీలో ఉన్నది వీళ్లిద్దరే. సంతాపం విషయంలో న్యాయం ఒకటే, ముందు పెట్టినవాడిదే సంతాపం. రెండోవాడు దాన్ని షేర్ చేసుకోవాల్సిందే. అంబులెన్స్ తలుపులు మూసుకునేలోగా ఓదెలు తన డివిజన్ పార్టీ పేజీలో పోస్టు పెట్టేశాడు. "ఉద్యమంలో నేలకొరిగిన మా గురువు రామచంద్రం సార్‌కు జోహార్లు." అంత వేగంగా పని జరిగిన దాఖలా ఆ ఏడాది ఏ ప్రభుత్వ శాఖలోనూ లేదు.

దవాఖానలో ఒక సెలైన్ సీసా ఎక్కించేసరికి సార్ లేచి కూర్చున్నాడు. రెండు ఇడ్లీలు తింటుండగా స్వప్న ఏడుస్తూ పరుగెత్తుకొచ్చింది. వెనక ఇద్దరు కొలీగులు ఆఫీసు తరఫున తెచ్చిన పూలదండ పట్టుకుని ఉన్నారు.

"ఏమైందమ్మా, గంతగనం ఏడుస్తున్నవ్? ఎవరు పోయిన్రు?"

"నువ్వే బాపూ."

కొలీగులు పూలదండను మెల్లగా వీపు వెనక్కు పెట్టుకున్నారు.

స్వప్న హెచ్ఆర్‌కు ఫోన్ చేసి, తండ్రి బతికే ఉన్నాడని చెప్పింది. వాళ్లు సంతోషించారు. అయితే పితృవియోగం కింద ఇచ్చిన సెలవును వెనక్కు తీసుకునే ఏర్పాటు సిస్టమ్‌లో లేదట. వారం చివరిదాకా ఆమె దుఃఖంలోనే ఉండాలి. నల్లగండ్ల వచ్చాక తండ్రీకూతుళ్లు పగటిపూట కలిసి అన్నం తినడం అదే మొదలు.

మర్నాడు ఓదెలు ఆపిల్ పండ్లతో వచ్చాడు. గడపలోనే సార్ కాళ్లకు మొక్కాడు.

"తీసెయ్ ఓదెలూ. నేను బతికే ఉన్న గద."

"మీరు బతికున్నరని నాకు తెలుసు సార్. గా లైక్ కొట్టిన పన్నెండొందల మందికి తెల్వదు. మన పార్టీ లీడర్ పెద్దన్న సుత లైక్ కొట్టిండు. ఆయన లైక్ కొట్టినంక తీసేస్తే ఆయన మాట తీసేసినట్టు గాదా? ఆదివారం చౌరస్తల సంతాప సభ పెట్టిన్రు. పెద్దన్నే వస్తున్నడు. గది అయిపోనియ్యుండ్రి, తీసేస్త. గప్పటిదాంక మీరు జర బయట కనబడకుండ్రి."

"నేను కూరగాయలకు పోవద్దా?"

"నేను తెప్పిస్త సార్. ఏ కూర కావాలె?"

కార్యకర్త అంటే ఇలా ఉండాలి. తాను చంపినవాడికి కూరగాయలు మోసేంత బాధ్యత అందరికీ ఉండదు.

ఆ సాయంత్రం లిఫ్టులో అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్షుడు సోమేశ్వరరావు ఎదురయ్యాడు. ఆయనది గుంటూరు. సమైక్య రాష్ట్రం కోసం ఆయన కూడా ఫేస్‌బుక్‌లో గట్టిగా పోరాడుతున్నాడు. సార్‌ను చూసి ఆయన ముఖం పాలిపోయింది.

"మీరా అండి! మరి నిన్న క్లబ్‌హౌస్‌లో రెండు నిమిషాలు మౌనం పాటించేశామండి."

"ఫర్వాలేదండి" అన్నాడు సార్.

"నా పేజీలో కూడా పెట్టానండి. రాష్ట్రం కలిసుండాలని కోరుకున్న మహనీయుడని."

"నేను ఎప్పుడు కోరుకున్న?"

"మంచినీళ్ల ట్యాంకు అన్ని బ్లాకులకీ ఒకటే ఉంటే మంచిదన్నారు కదండీ, జనరల్ బాడీలో. దాన్నే కాస్త పెంచి రాశానండి. చాలా బాగా వెళ్లిందండి."

రెండు ప్రాంతాల నాయకులూ దశాబ్దాలుగా ఏ ఒక్క విషయంలోనూ ఏకాభిప్రాయానికి రాలేదు. రామచంద్రం సార్ చనిపోయిన విషయంలో వచ్చారు.

ఇంట్లో స్వప్న తండ్రి పక్కన కూర్చుని పోస్టు కింద జనం రాసినవి చదివి వినిపించింది. మొదట్లో సార్ మొహమాటపడ్డాడు. పోయినవాళ్ల గురించి అందరూ మంచే రాస్తారు, అందులో ఏముంది అన్నాడు. తరువాత కళ్లద్దాలు తుడుచుకుని, ఇంకోటి చదవమన్నాడు. సార్ గోడ మీద గోదావరి బొమ్మ గీసి చూపించాడని ఒకడు రాశాడు. సార్ కొట్టిన దెబ్బ ఇప్పటికీ గుర్తుందని దుబాయి నుంచి ఒకడు రాశాడు. అదీ ప్రేమగానే రాశాడు.

తరువాతది స్వప్న సగం చదివి ఆగింది. సార్ తల ఊపాడు. ఆమె మళ్లీ మొదటి నుంచి చదివింది.

"సార్ ఇంటికి ట్యూషన్‌కు పోతే శారదమ్మ అమ్మ మాకు అటుకుల్ల పెరుగు కలిపి పెట్టేది. సగం మందిమి పాఠం కోసం గాదు, గా అటుకుల కోసమే పోయినం. అమ్మ ఎట్లున్నదో ఎవరికన్న తెలిస్తే చెప్పుండ్రి."

దాని కింద ఇంకొందరు రాశారు. శారదమ్మ ముగ్గు గురించి ఒకామె, కుట్లు నేర్పిన సంగతి ఇంకొకామె. శారదమ్మ పోయినప్పుడు పలకరించడానికి వచ్చినవాళ్లు తక్కువ. సార్ ఎవరికీ చెప్పలేదు. ఎలా చెప్పాలో ఆయనకు తెలియలేదు.

స్వప్న పాత ఫోన్ ఒకటి తీసి, తండ్రికి చూడటం నేర్పింది. ఆ మర్నాటి నుంచి సార్ చాయ్ చల్లారిపోవడం మొదలైంది. స్వప్న పిలిస్తే "ఆ... ఆ..." అనేవాడు. తల ఎత్తేవాడు కాదు. ఒకరు పిలిస్తే తల ఎత్తి పలకాలని పిల్లలకు ఒకప్పుడు తానే చెప్పిన నీతులు ఆయనకు గుర్తున్నాయి. చెప్పేవాళ్లు అలాంటివి చెబుతూనే ఉండాలి.

అయినా ఆదివారం ఆయన చౌరస్తాకు వెళ్లాడు. వద్దని స్వప్న అంది. సంతాప సభ ఫ్లెక్సీని పార్టీ పేజీలో చూసినప్పటి నుంచి ఆయనకు అన్నం సహించడం లేదు. ఫ్లెక్సీ మీద తన ఫొటో పెట్టారు. పక్కన వరుసగా, ఆ రెండేళ్లలో ఉద్యమం కోసం నిజంగా ప్రాణాలు తీసుకున్న పిల్లల ఫొటోలు. అందులో ఒకడికి మీసాలు కూడా సరిగ్గా రాలేదు.

వేదిక మీద పెద్దన్న ఫోన్ చూస్తూ మాట్లాడుతున్నాడు. "ఆఖరి ఘడియల సార్ నా చెయ్యి పట్టుకొని ఏమన్నడో తెలుసా?" ఆయన ఆ రోజు ఢిల్లీలో ఉన్నాడు. జనం మాత్రం తెలియదన్నట్టు తల ఊపారు.

సార్ మెట్లెక్కాడు. ఓదెలు అడ్డం వచ్చాడు.

"సార్, మీ కాళ్లు మొక్కుత. నా ఇన్‌చార్జి పదవి ఇయ్యాల్నే చెప్తరు."

"ఆ పిల్లల తల్లులు ముందల వరుసల కూసున్నరు ఓదెలూ. నా ఫొటో అక్కడ ఉండొద్దు. జరుగు."

ఓదెలు జరిగాడు. ఎంతైనా పాత శిష్యుడు. సార్ మైకు అందుకుని, తాను రామచంద్రాన్నని, ఎండకు కళ్లు తిరిగాయే తప్ప ఇంకేమీ కాలేదని, క్షమించాలని చెప్పాడు. జనం ఫ్లెక్సీ వైపు, సార్ వైపు చూశారు. ఫోన్లన్నీ పైకి లేచాయి.

పెద్దన్న కలవరపడలేదు. పెద్ద నాయకుడయ్యేది ఊరికే కాదు. సార్ భుజం మీద చెయ్యి వేసి మైకు లాక్కున్నాడు. "చూసిన్రా! నాలుగు కోట్ల జనం కోరుకుంటే యముడైనా వెనక్కి పోవాలె. సార్‌ను మన ఉద్యమం బతికించింది! ఢిల్లీ దిగిరాదా?" చప్పట్లు మారుమోగాయి. మందు కనిపెట్టకుండానే మృత్యువును జయించిన మొదటి పార్టీగా తమ పార్టీ నిలిచిందని సాయంత్రం ప్రకటన వెలువడింది. "రామచంద్రం సార్ బతికారు" అని ఓదెలు పార్టీ పేజీలో కొత్త పోస్టు పెట్టాడు.

దానికి పదకొండు లైకులు వచ్చాయి. కింద ఒకతను రాశాడు, "సంతోషమే. కానీ నేను ఆఫీసుల అందరి ముందల ఏడ్సిన. నా పరిస్థితి ఏంది?" ఇంకొకరు, ఇది ఎదుటి పార్టీ పుట్టించిన పుకారని రాశారు. సోమేశ్వరరావు తన పోస్టు తీయలేదు. లిఫ్టులో ఎదురైతే నేల చూస్తున్నాడు.

సోమవారం హెచ్ఆర్ నుంచి స్వప్నకు మెయిల్ వచ్చింది. వారం ముగిసింది కాబట్టి దుఃఖం కూడా ముగిసిందట. పెండింగ్ పనంతా మీద పడి, ఆమె చీకటితో వెళ్లి చీకటి పడ్డాకే వస్తోంది. సార్ ఒక్కడే అన్నం పెట్టుకుని తింటున్నాడు. పాత ఫోన్ కంచం పక్కనే ఉంటోంది.

రెండు రోజుల తరువాత ఓదెలు వచ్చాడు. ఈసారి ఆపిల్ పండ్లు లేవు. ఇన్‌చార్జి పదవి రమేష్‌కు దక్కింది.

"తప్పైంది సార్. మీరు చెప్పిన్నాడే తీసెయ్యాల్సింది. పేజీల రెండు మాటలు ఉండొద్దని పైకెల్లి ఆర్డరొచ్చింది. ఒక్కటే ఉండాలెనట. అందుకే మీ ముందల్నే తీసేద్దామని వచ్చిన." ఫోన్ తీసి జోహార్ల పోస్టు మీద వేలు పెట్టాడు.

"ఆగు. తీస్తే కింద వాళ్లు రాసినవి ఉంటయా?"

"ఉండయ్ సార్. దాంతోటే అన్ని పోతయ్."

సార్ కళ్లద్దాలు తీసి, కండువా కొసతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"అయితే రెండోది తీసెయ్ ఓదెలూ."

"రెండోదేంది సార్?"

"నేను బతికిన్నని పెట్టినవ్ గద. అది."